పొయ్యి వెలిగే ముందు పత్రం: తెలుగు పట్టణాల్లో హోటలు లీజు చరిత్ర

తెలుగు నేల మీద అన్నం వండి అమ్ముకోవడం పాత వృత్తే గాని, అందుకోసం ఒకరి కట్టడాన్ని మరొకరు అద్దెకు పుచ్చుకోవడం, ఆ అద్దె షరతులను స్టాంపు కాగితం మీదికి ఎక్కించడం ఇటీవలి వ్యవహారం. ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామంలో రూక చెల్లించి తృప్తిగా భోజనం చేయగల పూటకూటి ఇల్లు కనిపిస్తుంది. కొన్ని శతాబ్దాల తరువాత వెలువడిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ విజయనగరంలో అదే వృత్తి మీద బతుకుతూ కనిపిస్తుంది. ఈ రెండు కాలాల మధ్య రాజ్యాలు మారినా పూటకూళ్ళ ఇంటి స్వభావం పెద్దగా మారలేదు: అది ముందు ఇల్లు, ఆ తరువాతే వ్యాపారస్థలం. రైలు స్టేషన్లు, కచేరీలు, కళాశాలలు, సినిమా హాళ్లు వచ్చి, వాటి ఎదుట కాఫీ హోటళ్లు వెలిసిన తరువాత ఈ వరస తిరగబడింది. వంట చేతనైనవాడికి ఆ కూడలిలో ఇల్లు లేదు, కూడలిలో కట్టడం ఉన్నవాడికి వంటతో పని లేదు. హోటలు నడవాలంటే స్థలమే సగం పెట్టుబడి కాబట్టి, ఆ సగం పరాయివాడి చేతిలో ఉండిపోయిన ఈ కొత్త సంబంధాన్ని అదుపులో పెట్టడానికి ఒక పత్రం అవసరమైంది. హోటలు తెరిచే ముందు ఆ పత్రాన్ని అక్షరం అక్షరం చదవవలసిన అగత్యం ఒక కాలంలో తగ్గి, మరో కాలంలో మళ్లీ పెరిగింది. అలా ఎందుకు జరిగిందన్నదే ఈ వ్యాసానికి విషయం.

మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు వర్తించిన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం లీజును, అంటే ప్రతిఫలం పుచ్చుకుని కొంత కాలానికి ఆస్తిని అనుభవించే హక్కును మరొకరికి బదిలీ చేయడాన్ని, 105వ సెక్షనులో నిర్వచించింది. ఆ తరువాతి సెక్షను హోటలుదారుకు మరింత ముఖ్యమైనది. వ్యవసాయానికి, వస్తువుల తయారీకి ఇచ్చిన లీజును ఏటేటి లీజుగా భావించి, దాన్ని ముగించడానికి ఆరు నెలల నోటీసు కావాలన్న చట్టం, మిగతా అన్నిటినీ నెలనెలా సాగే లీజులుగా లెక్కగట్టి, వాటికి పదిహేను రోజుల నోటీసు చాలునంది. వేరే ఒప్పందం రాసుకోనప్పుడే ఈ నియమం వర్తిస్తుంది. గాడిపొయ్యి కట్టించి, నీటితొట్టి వేయించి, బల్లలూ గల్లాపెట్టె అమర్చుకుని, ఊరి నాలుకకు తన సాంబారు రుచి అలవాటు చేసిన మనిషిని, కాగితం మీద గడువు రాసుకోలేదన్న కారణంతో పదిహేను రోజుల్లో బయటికి పంపవచ్చునన్నమాట.

అదే చట్టంలోని 108వ సెక్షను యజమానికీ అద్దెదారుకూ గల హక్కులను, బాధ్యతలను వరుసగా చెబుతుంది. యజమాని చేయించవలసిన మరమ్మతు చేయించకపోతే అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అగ్నిప్రమాదంలోనో వరదలోనో కట్టడం పనికిరాకుండా పోతే లీజు రద్దయినట్టు భావించవచ్చు. తన హక్కును పూర్తిగాగాని కొంతగాని మరొకరికి బదిలీ చేయవచ్చు. అద్దెదారుకు ఎంతో మేలు చేసే నియమాలివి. అయితే ఇవన్నీ ఒప్పందంలో గాని, స్థానిక ఆచారంలో గాని ఇందుకు భిన్నమైన మాట లేనప్పుడే వర్తిస్తాయని ఆ సెక్షను మొదటి వాక్యమే షరతు పెట్టింది. పత్రం మౌనంగా ఉన్నచోట చట్టం మాట్లాడుతుంది, పత్రం నోరు విప్పినచోట చట్టం తప్పుకుంటుంది. యజమాని తరఫు వకీలు రాసిన పత్రంలో ఈ హక్కులు ఒక్కొక్కటిగా కొట్టుకుపోయేవి. సంతకం చేసేవాడు అక్కడ ఏమి రాసి ఉందో చూసేవాడే గాని, ఏమి పోయిందో చూసేవాడు కాదు.

తెలుగు పట్టణాల్లో ఇప్పటికీ చెలామణిలో ఉన్న పదకొండు నెలల అద్దె ఒప్పందానికి మూలం కూడా ఈ చట్టంలోనే ఉంది. ఏడాదికి మించిన గడువుగల లీజును రిజిస్టరు పత్రం ద్వారానే చేయాలని 107వ సెక్షను విధించగా, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అలాంటి పత్రం రిజిస్టరు కాకపోతే దాన్ని షరతుల రుజువుగా కోర్టు స్వీకరించదని చెప్పింది. స్టాంపు సుంకమూ రిజిస్ట్రేషన్ రుసుమూ తప్పించుకోవడానికి ఇరుపక్షాలూ ఏడాదికి ఒక నెల తగ్గించి రాసుకోవడం అలా అలవాటైంది. ఇంటి అద్దెకు ఈ పద్ధతి పెద్దగా హాని చేయకపోవచ్చు గాని, పెట్టిన పెట్టుబడి తిరిగి రావడానికే మూడు నాలుగేళ్లు పట్టే హోటలుకు ఇది ప్రమాదకరం. తొమ్మిదేళ్లకని తెల్లకాగితం మీద రాసుకుని రిజిస్టరు చేయించకుండా వదిలేసిన వాళ్ల పరిస్థితి మరీ అన్యాయమైనది, ఎందుకంటే వాళ్ల చేతిలో గడువు రాసి ఉన్న కాగితం ఉన్నా కోర్టు దృష్టిలో వాళ్లు నెలనెలా అద్దెదారులే. 2000లో ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసింది: రిజిస్టరు కాని పత్రంలోని అయిదేళ్ల గడువు నిలవదు, అద్దె పుచ్చుకుంటూ వచ్చినందువల్ల ఏర్పడే నెలవారీ అద్దె సంబంధం మాత్రం నిలుస్తుంది.

కోస్తా, రాయలసీమ తెలుగువారికి 1953 వరకు రాజధానిగా ఉన్న మద్రాసులో లీజు స్థలం ఒక హోటలు జీవితాన్ని ఎంతగా శాసించగలదో చూపే గొప్ప ఉదాహరణ ఉంది. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి వంటింటి పనితో జీవితం మొదలుపెట్టిన కె. కృష్ణారావు, 1930ల చివర రాయపేటలో రామనాథపురం జమీందారుకు చెందిన ఉడ్‌లాండ్స్ అనే భవనాన్ని లీజుకు తీసుకుని హోటలు తెరిచి, ఆ భవనం పేరునే హోటలుకు పెట్టుకున్నాడు. లీజు తీరాక భవనం యజమానికి పోయింది, పేరు మాత్రం హోటలుతో కదిలివచ్చి ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డులో న్యూ ఉడ్‌లాండ్స్ అయింది. 1962లో అదే సంస్థ కెథీడ్రల్ రోడ్డులో చెట్ల నీడన డ్రైవ్-ఇన్ హోటలు తెరిచింది. మద్రాసులో స్థిరపడిన తెలుగు సినిమావాళ్లకు, రచయితలకు, పాత్రికేయులకు దశాబ్దాలపాటు అది సాయంకాలపు కలుసుకునే చోటు. కాని ఆ నేల ప్రభుత్వానిది. సుదీర్ఘ వివాదం తరువాత 2008లో హోటలు మూతపడి, 2010లో అక్కడ సెమ్మొళి పూంగా అనే ఉద్యానవనం వెలసింది. మొదటి చోట వ్యాపారం పెరిగాక లీజు తీరింది, కాబట్టి మారడానికి శక్తి ఉంది. రెండో చోట హోటలు విలువంతా ఆ చెట్లలోనూ ఆ విశాలమైన ఆవరణలోనూ ఉంది, దాన్ని మరో వీధికి మోసుకుపోయే వీలు లేదు. కదిలించగల విలువ ఎంత, స్థలానికి అతుక్కుపోయే విలువ ఎంత అన్న లెక్క గడువు రాసుకునేటప్పుడే వేసుకోవలసినదని చెప్పడానికి ఇంతకన్న మంచి సాక్ష్యం దక్షిణాది హోటళ్ల చరిత్రలో దొరకదు.

సికింద్రాబాదులో 1953లో సినిమా హాలును ఆనుకుని చిన్న కాఫీ, టీ కొట్టుగా మొదలైన ప్యారడైజ్ కూడా పేరు ఆ హాలు నుంచే తెచ్చుకుంది. కట్టడం పేరు హోటలుకు అంటుకున్నప్పుడు, లీజు తీరాక ఆ పేరు ఎవరికి చెందుతుందో ముందే రాసుకోవడం ఈ వృత్తిలో చిన్న విషయం కాదు.

అద్దె పద్ధతిలో మద్రాసు రాజధానితో పోలిస్తే హైదరాబాదు దారి వేరు. 1908 మూసీ వరద తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ పత్తర్‌గట్టీ వంటి బజార్లను ఒకే తీరు రాతి కమానులతో కట్టించగా, వీధి వైపు తెరుచుకునే ఈ గదులను నగరవాసులు మల్గీలన్నారు. అద్దె పత్రాల్లోనూ కోర్టు తీర్పుల్లోనూ ఆ మాటే నిలిచింది. ఇరానీలు ఎక్కువగా రెండు వీధులు కలిసే మూల మల్గీలను ఎంచుకుని, రెండు వైపులా తలుపులు తెరిచి చాయ్‌ఖానాలు పెట్టారు. ఈ మల్గీలకు నెల అద్దె చేతులు మారడం కన్న ముందు పగిడీ చేతులు మారేది. పగిడీ అంటే మల్గీలో అడుగుపెట్టడానికి ఒకేసారి చెల్లించే పెద్ద మొత్తం; దీన్ని కోస్తా పట్టణాల్లో గుడ్‌విల్ అన్నారు. ఖాళీ చేసే అద్దెదారు కొత్తగా వచ్చేవాడి దగ్గర ఈ మొత్తం పుచ్చుకుని, అందులో కొంత యజమానికి ముట్టజెప్పేవాడు. రసీదు ఉండేది కాదు. అద్దె తక్కువ, హక్కు దాదాపు శాశ్వతం, కాని పెట్టిన సొమ్ముకు కాగితం లేదు. ఒక సింగిల్ చాయ్‌తో రెండు గంటలు కూర్చునే వీలు ఇరానీ హోటలు ఇవ్వగలిగిందంటే అందుకు ప్రధాన కారణం ఆ తక్కువ అద్దే.

అద్దె అలా తక్కువగా నిలిచిపోవడానికి మరో కారణం రెండో ప్రపంచయుద్ధం. యుద్ధకాలంలో పట్టణాలకు జనం పోటెత్తి అద్దెలు పెరగడంతో మద్రాసు ప్రభుత్వం 1941 నుంచి ఉత్తర్వుల ద్వారా అద్దెలను కట్టడి చేసి, 1946లోనూ 1949లోనూ ఆ కట్టడిని చట్టాలుగా మలిచింది. హైదరాబాదు రాష్ట్రం 1954లో తన చట్టం తెచ్చుకుంది. ఈ రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల లీజు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టం వచ్చింది. దాని ప్రకారం అద్దెదారును ఖాళీ చేయించాలంటే గడువు తీరడం ఒక్కటే చాలదు, చట్టం పేర్కొన్న కారణాల్లో ఏదో ఒకటి రుజువు కావాలి: ఉద్దేశపూర్వకంగా అద్దె ఎగవేయడం, రాతపూర్వక అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, ఇచ్చిన పనికి కాక మరో పనికి వాడడం, కట్టడానికి నష్టం చేయడం, యజమానికి నిజంగా సొంత అవసరం ఉండడం వంటివి. పత్రంలో ఏమి రాసుకున్నా చట్టం దాన్ని దాటి వచ్చి అద్దెదారు పక్కన నిలబడిన కాలమిది. ఆ రక్షణలో మనుషుల తెలివితేటలు కూడా పనిచేశాయి. ఉపఅద్దె నిషేధం కాబట్టి పగిడీ పుచ్చుకున్న పాత హోటలుదారు కొత్తవాడిని భాగస్వామిగా చూపిస్తూ పత్రం రాసి, కొన్నాళ్లకు తాను భాగస్వామ్యం నుంచి తప్పుకునేవాడు. ఆ భాగస్వామ్యం నిజమా, అద్దె మార్పిడికి వేసిన ముసుగా అని తేల్చడం కోర్టులకు నిత్యకృత్యమైంది.

ఈ చట్టం ఏ మేరకు హోటలుదారు కొమ్ముకాసిందో గూడూరు మోడరన్ హోటల్ కేసులో దగ్గరగా చూడవచ్చు. అద్దె సకాలంలో చెల్లించలేదని, కాబట్టి ఖాళీ చేయించాలని యజమాని కోరాడు. అయితే లీజు నాడు పుచ్చుకున్న అడ్వాన్సు ఆయన దగ్గరే ఉంది. లీజు తీరినప్పుడు దాన్ని తిరిగి ఇస్తానని పత్రంలో రాసి ఉంది. చట్టంలోని 7వ సెక్షను ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు పుచ్చుకోవడాన్ని నిషేధించింది. 1989లో సుప్రీంకోర్టు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసి, పరిమితికి మించి యజమాని తన దగ్గర ఉంచుకున్న సొమ్ము అద్దెదారుకు చెందినదేననీ, లీజు చివరిదాకా దాన్ని ముట్టరాదన్న షరతు చెల్లదనీ, తన సొమ్ము యజమాని చేతిలో ఉండగా అద్దెదారును ఎగవేతదారు అనలేమనీ తేల్చింది. హోటలు నిలిచింది. ఆ హోటలును నిలబెట్టింది పత్రం కాదు, పత్రాన్ని తోసిరాజన్న చట్టం.

ఈ చట్టపు పట్టు నుంచి తప్పించుకోవడానికి యజమానులు వెతికిన దారి లైసెన్సు. లీజు ఆస్తిలో హక్కును సృష్టిస్తుంది. లైసెన్సు, అదే 1882లో వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, స్వాధీనం యజమాని దగ్గరే ఉండగా స్థలాన్ని వాడుకోవడానికి ఇచ్చే అనుమతి మాత్రమే, అద్దె నియంత్రణ దానికి వర్తించదు. దాంతో లీజు వంటి ఏర్పాట్లకే లైసెన్సు అన్న పేరు తగిలించడం మొదలైంది. ఢిల్లీలోని ఇంపీరియల్ హోటల్లో కేశాలంకరణ వ్యాపారానికి ఇచ్చిన గదుల విషయంలో 1959లో వచ్చిన తీర్పులో జస్టిస్ కోకా సుబ్బారావు ఈ చిక్కును విడదీశాడు. రాజమహేంద్రవరంలో పుట్టి, గుంటూరులో కొలువైన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఆయన, పత్రానికి పెట్టిన పేరు కన్న దాని సారం ముఖ్యమని, అది ఆస్తిలో హక్కును కల్పిస్తే లీజు, వాడకానికి మాత్రమే అనుమతిస్తే లైసెన్సు అని, ఇతరులకు తావులేని స్వాధీనం ఇచ్చి ఉంటే పైకి లీజుగానే తోస్తుందని సూత్రీకరించాడు. నేటి మాల్ ఫుడ్ కోర్టుల్లో చిన్న వంటకాల కౌంటర్లకు ఇచ్చే పత్రాలు ఎక్కువగా లైసెన్సులే కాబట్టి, ఆ సూత్రాల అవసరం ఇంకా తీరలేదు.

అద్దె నియంత్రణ గోడలో మొదటి కంత 1960 చట్టంలోనే ఉంది: 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనాలకు అది మినహాయింపు ఇచ్చింది. ఈ మినహాయింపు శాశ్వతంగా కొనసాగడం సమానత్వానికి విరుద్ధమని మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టివేసినప్పుడు రక్షణ పెరిగినట్టే కనిపించింది. ఆ డిసెంబరులోనే ప్రభుత్వం మరో ఉత్తర్వు ఇచ్చి, కట్టి పదేళ్లు దాటని భవనాలనూ, నెలకు వెయ్యి రూపాయలకు మించిన అద్దె వచ్చే భవనాలనూ చట్టం నుంచి తప్పించింది. 2005 సవరణ ఈ అద్దె హద్దును నగరపాలక సంస్థల పరిధిలో 3,500 రూపాయలకు, ఇతర చోట్ల 2,000 రూపాయలకు మార్చింది. ఆ అద్దెకు నగరంలో కొత్తగా హోటలు పెట్టదగిన స్థలం దొరకదు. కాబట్టి తరువాతి హోటళ్లన్నీ దాదాపుగా 1882 చట్టం కిందికి, అంటే పత్రం మాటే చెల్లే పాత ఏర్పాటులోకి తిరిగి వెళ్లాయి. తాతల నాటి మల్గీలో నడిచే హోటలు చట్టం నీడన ఉండగా, అదే వీధిలో కొత్తగా తెరిచిన హోటలుకు చేతిలోని పత్రం తప్ప ఆధారం లేదు. ఈ మార్పు చడీచప్పుడు లేకుండా జరిగింది, దానివల్ల పత్రం చదవని వాళ్లు ఎక్కువగా నష్టపోయారు.

ఇప్పటి పత్రంలో మొదట చూడవలసింది షరతులను కాదు, సంతకం చేసేవాడి హక్కును. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో తీసే ఈసీ, అంటే ఆస్తిపై ఉన్న లావాదేవీలను చూపే ధ్రువపత్రం, భవనం బ్యాంకుకు తనఖాలో ఉందో లేదో సాధారణంగా చెబుతుంది. 1929లో ఆస్తి బదిలీ చట్టానికి చేర్చిన 65ఏ సెక్షను ప్రకారం, తనఖా పత్రంలో వేరే ఏర్పాటు లేకపోతే, తనఖా పెట్టిన యజమాని భవనాన్ని మూడేళ్లకు మించి లీజుకివ్వలేడు. బ్యాంకు బకాయిల వసూలుకు ఉద్దేశించిన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు స్వాధీనానికి వచ్చినప్పుడు, బ్యాంకు సమ్మతి లేకుండా రాసిన తొమ్మిదేళ్ల లీజు హోటలుదారును కాపాడదు. వక్ఫు, దేవాదాయ ఆస్తుల మల్గీలకు ఆయా చట్టాలు విధించిన గడువులు, అనుమతులు వేరే ఉంటాయి. వక్ఫు ఆస్తిని చూసుకునే ముతవల్లీ గాని, గుడి ధర్మకర్త గాని ఒంటరిగా చేసిన సంతకం చాలదు.

ఇక అద్దె పెంపు. ఏటా 5 శాతం అన్నా, మూడేళ్లకోసారి 15 శాతం అన్నా ఒకటేనని చాలామంది భావిస్తారు. నెలకు లక్ష రూపాయల అద్దెతో తొమ్మిదేళ్లు లెక్కవేస్తే, మొదటి పద్ధతిలో చివరి ఏడాది నెల అద్దె 1,47,700 రూపాయలు దాటుతుంది, రెండో పద్ధతిలో 1,32,250 దగ్గర ఆగుతుంది. తొమ్మిదేళ్ల మొత్తంలో తేడా 7 లక్షల 30 వేల పైచిలుకు. ఆ అద్దె ఏ విస్తీర్ణం మీద లెక్కగట్టారన్నది కూడా అంత ముఖ్యమే, ఎందుకంటే కాంప్లెక్సుల్లో మెట్లు, లిఫ్టు, వరండాల వాటాను కలిపిన సూపర్ బిల్టప్ విస్తీర్ణానికి అద్దె పుచ్చుకుంటారు, బల్లలు మాత్రం గోడల లోపలి కార్పెట్ విస్తీర్ణంలోనే పడతాయి. వాణిజ్య అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉండగా, 2017 నవంబరు నుంచి సాధారణ రెస్టారెంట్లు 5 శాతం పన్ను కట్టి, తాము చెల్లించిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు కోల్పోయాయి. అద్దె మీది పన్ను అప్పటి నుంచి నేరుగా హోటలు ఖర్చే.

వాడకం షరతులో "వ్యాపారానికి" అని మాత్రమే రాసి ఉంటే సరిపోదు. వంట చేయడం, పొగగొట్టాన్ని భవనం పైదాకా తీసుకుపోవడం, జిడ్డునీటిని వడగట్టే తొట్టి కట్టడం, గ్యాస్ సిలిండర్లు నిలవ ఉంచడం, కరెంటు లోడు పెంచుకోవడం, రాత్రిదాకా తెరిచి ఉంచడం అనే పనులకు యజమాని సమ్మతి విడిగా రాసి ఉండాలి. పురపాలక సంఘం వ్యాపార లైసెన్సుకైనా, 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద తీసుకునే లైసెన్సుకైనా ఆ స్థలం మీద హక్కు చూపే పత్రం కావాలి. అనుమతులు రాకముందే అద్దె మొదలైతే, పొయ్యి వెలగని నెలలకు కూడా అద్దె కట్టుకోవలసి వస్తుంది.

కరోనా కాలం ఈ పత్రాలను మరో తీరుగా పరీక్షించింది. 2020 మే నెలలో ఢిల్లీ హైకోర్టు ఖాన్ మార్కెట్‌లోని ఒక దుకాణం విషయంలో, లాక్‌డౌన్ వల్ల వ్యాపారం ఆగిపోయినా కట్టడం చెక్కుచెదరలేదు కాబట్టి 108వ సెక్షను ఆదుకోదని, పత్రంలో అనివార్య విపత్తు షరతు లేనప్పుడు స్థలాన్ని అట్టేపెట్టుకున్నవాడు అద్దె చెల్లించవలసిందేనని, గడువులో కొంత వెసులుబాటు మాత్రమే ఇవ్వగలనని చెప్పింది. ఒప్పందం నెరవేర్చడం అసాధ్యమైతే అది రద్దవుతుందన్న సూత్రం పూర్తయిన లీజులకు వర్తించదని సుప్రీంకోర్టు 1968లోనే తేల్చి ఉంది. కరోనా తరువాత రాసిన హోటలు లీజుల్లో ప్రభుత్వ ఉత్తర్వుతో మూతపడిన రోజులకు అద్దె ఎంత అన్న ప్రశ్న తప్పనిసరి అయింది. రోడ్డు వెడల్పులోనో మెట్రో మార్గంలోనో కట్టడం ముందుభాగం పోతే అద్దె ఎంత తగ్గాలి, పరిహారంలో హోటలు అలంకరణ ఖర్చు ఎవరికి చేరాలి అన్నది కూడా అదే కోవలోని ప్రశ్న.

లాక్-ఇన్ అనే గడువు, అంటే ముందుగా వెళ్లిపోయినా మిగిలిన నెలల అద్దె చెల్లించవలసిన కాలం, తరచు అద్దెదారునే కట్టేసి యజమానిని వదిలేస్తుంది. అది ఇద్దరికీ సమంగా ఉందో లేదో చూడడానికి ఒక్క వాక్యం చదివితే చాలు. నిష్క్రమణ షరతులకు మాత్రం ఎక్కువ ఓపిక కావాలి. అద్దెదారు నేలకూ గోడలకూ బిగించిన వస్తువులను లీజు ముగిసిన తరువాత కూడా తీసుకుపోవచ్చునని 108వ సెక్షను అంటుంది, కాని స్థలం ఇంకా తన స్వాధీనంలో ఉన్నంత వరకే. తాళంచెవులు ఇచ్చేసిన మరునాడు చల్లగదికీ, పొగగొట్టానికీ, గ్రైండరు దిమ్మెకూ ఆ హక్కు ఉండదు. పత్రంలో "స్థిరంగా అమర్చినవన్నీ యజమానికి చెందును" అన్న మాట ఉంటే తాళాలు ఇవ్వకముందే ఉండదు. అందుకే వృత్తిలో నలిగిన హోటలుదారులు లీజు మొదటి రోజునే సామాను జాబితా రాసి ఇరువైపులా సంతకాలు చేయించి పత్రానికి జతచేస్తారు, తాళాలు అప్పగించడం, డిపాజిట్ చేతికందడం ఒకే పూట జరగాలన్న షరతు పెట్టుకుంటారు.